రాహుకాలంలో దిగిన విమానం

వేటకొండ విమానాశ్రయానికి అన్నీ ఉన్నాయి. రెండున్నర కిలోమీటర్ల రన్‌వే ఉంది, విమానాలతో మాట్లాడే గాజు మేడ ఉంది, ఎర్రటి ఫైరింజన్ ఉంది, ప్రయాణికుల్ని దించడానికి మెట్లబండి ఉంది, సామాన్లు గుండ్రంగా తిరిగే బెల్టు కూడా ఉంది. లేనిదల్లా ప్రారంభోత్సవం ఒక్కటే. అది లేకపోవడం వల్ల పధ్నాలుగు నెలలుగా చుట్టుపక్కల రైతులు ఆ రన్‌వే మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటున్నారు. మేనేజరు పెదపూడి నీలాద్రి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. విమానాలు రాకపోయినా ఏదో ఒకటి వస్తోంది కదా అని అతని సంతోషం.

నీలాద్రి అసలు విమానాల మనిషి కాడు. ముప్ఫై ఏళ్ళు గోదావరి రేవుల్లో పనిచేసినవాడు. లాంచీ ఒడ్డుకు రాగానే తాడు విసిరి కట్టడం, పలక వెయ్యడం, ముసలీముతకా ఉంటే చెయ్యి పట్టి దించడం, ఇదీ అతనికి తెలిసిన విద్య. వంతెనలొచ్చి రేవులు మూతపడ్డాయి. లాంచీ అయినా విమానమైనా చివరికి ఒడ్డుకు చేరేదే కదా అని ప్రభుత్వం ఆలోచించి, అతన్ని డెప్యుటేషన్ మీద వేటకొండకి పంపింది. ఆరు వారాల శిక్షణ ఇచ్చి, రేడియో ముందు కూర్చోబెట్టి, ఒక లావుపాటి రిజిస్టరు చేతికిచ్చింది.

ఎట్టకేలకు ముహూర్తం కుదిరింది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటల ముప్ఫై రెండు నిమిషాలు. యమగండం నాలుగున్నరకి వెళ్ళిపోతుంది, అది గుమ్మం దాటడానికి మర్యాదగా రెండు నిమిషాలు ఇచ్చారన్నమాట. ఐదూ పదికి వర్జ్యం వస్తుంది. ఈ లోపల అంతా అయిపోవాలి.

అందుకోసం రాజధాని నుంచి ప్రారంభోత్సవాల ప్రత్యేకాధికారి భుజంగరావుగారు వారం ముందే వచ్చి మకాం వేశారు. తన సర్వీసులో ఆయన రెండువందల పధ్నాలుగు ప్రారంభోత్సవాలు జరిపించారు. అందులో ఇరవై మూడు, ప్రారంభించవలసిన వస్తువు లేకుండానే విజయవంతమయ్యాయి. వెల్వెట్ పెట్టెలో వెండి కత్తెర నిద్రలో కూడా ఆయన చంక దిగదని చెప్పుకుంటారు. రన్‌వేకి అడ్డంగా ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్ర పట్టు రిబ్బను కట్టించింది ఆయనే. మంత్రిగారి విమానం దిగి రిబ్బను ముందు ఆగుతుంది, మంత్రిగారు కిందికొచ్చి కత్తిరిస్తారు. గోడకి పాలరాతి ఫలకం కూడా బిగించేశారు: "ఈ విమానాశ్రయమున మొట్టమొదట దిగిన విమానము గౌరవ మంత్రివర్యులది."

ఈ వైభవం చూడటానికే నీలాద్రి భార్య సుందరమ్మ బెంగుళూరులో తమ్ముడింటి నుంచి బయల్దేరింది. వేటకొండకి విమానాలు లేవు గనక నగరంలో దిగి, అక్కణ్ణుంచి నాలుగు గంటలు కారులో రావాలి. ఆవిడకి ఉబ్బసం. గాలాడని చోట పది నిమిషాలు ఉంటే ప్రాణం గిలగిల్లాడుతుంది. చేతిసంచిలో పీల్చే మందు లేనిదే ఇంటి గుమ్మం దిగదు.

శుక్రవారం పొద్దున పదిన్నర దాటుతుండగా గాజు మేడలో రేడియో గరగరలాడింది. పధ్నాలుగు నెలలుగా ఆ రేడియోలో నీలాద్రి సొంత గొంతు తప్ప మరొకటి పలికి ఎరగదు.

"వేటకొండ, వేటకొండ! నేను కెప్టెన్ హైమవతిని. మా కుడి ఇంజన్ ఆగిపోయింది. ఎడమది కూడా దగ్గుతోంది. నగరం దాకా వెళ్ళలేం. మీ రన్‌వే ఖాళీగా ఉందా?"

"నిన్నటిదాకా మిరపకాయలుండేవమ్మా, ఇవాళ ఖాళీయే" అన్నాడు నీలాద్రి. అని, ఉన్నట్టుండి ఏదో తట్టి, "ఎక్కణ్ణుంచమ్మా వస్తున్నారు?" అని అడిగాడు.

"బెంగుళూరు నుంచి."

నీలాద్రి శిక్షణలో నేర్పిన మాటలన్నీ మరిచిపోయి, వరదలో లాంచీని పిలిచినట్టు, "రండమ్మా, రండి, నేనిక్కడే ఉన్నాను, నిదానంగా రండి" అని అరిచాడు.

విమానం ఒక పక్కకి ఒరుగుతూ, పొగ కక్కుతూ వచ్చింది. చక్రాలు నేలకి తగిలాయి, ఎగిరాయి, మళ్ళీ తగిలాయి. రన్‌వే అంతా మిరపఘాటు లేచింది. నీలాద్రి కళ్ళు మూసుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కి, తెరిచి చూసేసరికి విమానం ఆగి ఉంది. కుడి ఇంజన్‌లోంచి సన్నగా పొగ వస్తోందే తప్ప మంట లేదు. ముందు చక్రానికి ఎర్ర పట్టు రిబ్బను అయిదు చుట్లు చుట్టుకుంది. టైము పది నలభై ఒకటి.

అతను మేడ దిగి మెట్లబండి ఎక్కి, డ్రైవరు కోసం చూడకుండా తనే తోలుకుంటూ బయల్దేరాడు. దేవుడు వరమిచ్చాడు. సగం దారిలో పూజారి ఎదురొచ్చాడు.

"ఆగండి నీలాద్రిగారూ!" భుజంగరావుగారు చంకలో కత్తెర పెట్టెతో బండికి అడ్డంగా నిలబడ్డారు. "తమరు ఏ విమానము నిమిత్తం ఈ మెట్లబండిని తరలిస్తున్నారు?"

"అదుగోనండి, ఆ విమానం."

"సదరు విమానం ఇంకా దిగలేదు."

నీలాద్రి వెనక్కి తిరిగి విమానాన్ని చూశాడు. మళ్ళీ భుజంగరావుగారిని చూశాడు.

"ఆలోచించండి" అన్నారు ఆయన ఓపిగ్గా. "ఇది ప్రారంభం కాని విమానాశ్రయం. ప్రారంభం కానిదానిలో విమానం దిగడం నిబంధనల రీత్యా అసాధ్యం. పైగా ఫలకం ప్రకారం మొట్టమొదట దిగేది మంత్రిగారు. అన్నిటికీ మించి ఇప్పుడు రాహుకాలం. రాష్ట్రంలోని ఒక విమానాశ్రయం రాహుకాలంలో, పొగతో, మిరపఘాటుతో ప్రారంభమైందని రికార్డులో ఎక్కితే ఎవరు జవాబుదారీ? తమరా?"

"అయ్యా, అందులో అరవై మందికి పైగా జనం ఉన్నారండి. మా ఆవిడ కూడా ఉందండి. ఆవిడకి ఉబ్బసం."

"మీ శ్రీమతిగారి పట్ల శాఖకు పూర్తి సానుభూతి ఉంది. సాయంత్రం నాలుగూ ముప్ఫై రెండు తర్వాత ఏ క్షణమైనా ఆమె దిగవచ్చు."

ఇంతలో కెప్టెన్ హైమవతి పక్క కిటికీ తెరిచి, సగం బయటికి వంగి కేకేసింది. "మెట్లు ఎక్కడండీ? లోపల ఏసీ లేదు, జనం ఉడికిపోతున్నారు!"

"అమ్మా, తమరు ఆకాశంలో ఉన్నారు" అని భుజంగరావుగారు కిందనుంచి తెలియజేశారు.

"చక్రాలు నేలమీద ఉన్నాయి కదా!"

"చక్రాలు విమానంలో భాగం. బస్సు చక్రాలు ఎప్పుడూ నేలమీదే ఉంటాయి. అంతమాత్రాన ప్రయాణికుడు దిగాడంటామా? ప్రయాణికుల పాదాలు నేలను తాకినప్పుడే దిగుట సంభవించును. చిట్టచివరి ప్రయాణికుడి పాదం తాకేవరకు విమానం ఆకాశంలో ఉన్నట్టే పరిగణించవలెను. ఇది నా ఉత్తర్వు. నీలాద్రిగారూ, నోట్ చేసుకోండి."

నీలాద్రి నోట్ చేసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే రాస్తుంది. గాజు మేడలోకి వెళ్ళి రిజిస్టరులో మొదటి పేజీ మొదటి వరుసలో భుజంగరావుగారు చెప్పినట్టే రాశాడు: "ఉదయం 10.41. బెంగుళూరు విమానం వేటకొండ ఆకాశంలో యథాతథ స్థితిలో ఉన్నది." పదకొండింటికి మళ్ళీ రాశాడు: "సదరు విమానం ఆకాశంలోనే ఉన్నది." పదకొండున్నరకీ అదే. విమానంలో ఇంధనం రెండు గంటలకి మించి లేదన్న సంగతి పన్నెండున్నరకి భుజంగరావుగారికి గుర్తొచ్చి, పక్కన "అనుకూల గాలుల వలన" అని చేర్పించారు.

ఫోను మోగింది. సుందరమ్మ.

"ఏవండీ, మీరు కిటికీలోంచి కనపడుతున్నారు. చేతిలో ఏదో పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. మెట్లు వెయ్యరేం?"

"ఉత్తర్వులు రావాలి సుందరం. ఎలా ఉంది నీకు?"

"ఎలా ఉంటుంది, ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టుంది. మందు ఇంకా నాలుగైదు సార్లకి వస్తుందేమో. కొత్త డబ్బా పెట్టెలో ఉంది, పెట్టె విమానం కడుపులో ఉంది. మీరు రేవులో ఉన్నప్పుడు ఉత్తర్వులొచ్చేదాకా లాంచీ జనాన్ని దించకుండా ఉండేవారా?"

పక్కనుంచి భుజంగరావుగారు చెయ్యి చాచి ఫోను కట్ చేశారు. "ఎగిరే విమానంలో ఫోను వాడటం నేరం. ఆమె మీద చర్య తీసుకోవలసి వస్తుంది. తమ భార్య గనక ఈసారికి మందలింపుతో సరిపెడుతున్నాను."

ఒంటిగంటకి కెప్టెన్ సహనం చచ్చింది. అత్యవసర ద్వారాలు తెరిచి, గాలితో ఉబ్బే జారుడుబల్లల మీదుగా జనాన్ని దింపేస్తానంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నడుం విరిగే వయసువాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారని ఇంతసేపూ ఆగిందట. భుజంగరావుగారు వద్దనలేదు. బందోబస్తుకొచ్చిన సబ్‌ఇన్‌స్పెక్టరును పిలిచి, కెప్టెన్‌కి వినపడేటట్టుగా ఒక సందేహం మాత్రం అడిగారు.

"ఆకాశంలో ఉన్న విమానంలోంచి మనిషి దూకితే అది ఏ కేసు కిందికి వస్తుందండీ?"

"ఆత్మహత్యాప్రయత్నం సార్."

"దూకమని ప్రోత్సహించినవారి మీద?"

"ప్రేరేపణ సార్. ఒక్కో మనిషికి ఒక్కో కేసు."

కెప్టెన్ కిటికీ మూసేసి, మళ్ళీ గాలి కోసం తెరిచింది. ఇంజన్ చచ్చినా విమానాన్ని దించిన మనిషి, మనుషుల్ని దించలేక తల పట్టుకుంది.

నీలాద్రికి తిండి సయించలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా మేడ ఎక్కీ దిగీ తిరిగాడు. ఎదురు తిరగడం అతనికి చేతకాదు, పుట్టి బుద్ధెరిగి పై అధికారి మాట జవదాటలేదు. కానీ ఒక కిటుకు తెలుసు. కాగితం మీద ఉన్నదాన్ని కాదనకుండా, దాని పక్కనుంచే పని జరిపించడం. రేవుల్లో ముప్ఫై ఏళ్ళు నెగ్గుకొచ్చింది దాంతోనే. రెండింటికి భుజంగరావుగారి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని అడిగాడు.

"అయ్యా, ఆకాశంలో ఉన్న విమానం మీద వాన పడితే అభ్యంతరమా అండి?"

"వానను ఆపే అధికారం నాకు లేదు" అన్నారు ఆయన.

ఐదు నిమిషాల్లో ఫైరింజన్ వెళ్ళి విమానం మీద వాన కురిపించింది. రిజిస్టరులో "భారీ వర్షం" అని ఎక్కింది. లోపల మనుషులు అద్దాలకి చెంపలు ఆనించుకున్నారు. ఆ వాన మాటునే నీలాద్రి లాంచీ కట్టినట్టు తాడు విసిరి, కెప్టెన్ కిటికీకి ముడి వేయించి, బుట్టలో నీళ్ళ సీసాలు, మజ్జిగ ప్యాకెట్లు పైకి పంపించాడు. సుందరమ్మ మందు మాత్రం ఊళ్ళో దొరకలేదు, ఆకాశంలో సామాను తలుపు తెరవడం నేరమని భుజంగరావుగారు ముందే తేల్చేశారు. భుజంగరావుగారు గమనించారు. అంత ఎత్తున ఎగురుతున్న విమానానికి తాడు అందే అవకాశం లేదు గనక తనకేమీ కనపడలేదని నిర్ధారించుకున్నారు.

పక్క నగరం విమానాశ్రయానికి ఫోను చేసి, "ఈ విమానం మీ దగ్గర దిగినట్టు రాసుకుంటారా?" అని కూడా ఆయన అడిగి చూశారు. "పంపించండి, కళ్ళతో చూసి రాసుకుంటాం" అని వాళ్ళు నిక్కచ్చిగా చెప్పారు. ఆ శాఖలో క్రమశిక్షణ మరీ ఎక్కువైపోయిందని ఆయన బాధపడ్డారు.

నాలుగింటికి సుందరమ్మ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి ఎత్తిపొడుపు లేదు. మాటకీ మాటకీ మధ్య ఈల వేసినట్టు శ్వాస వినపడుతోంది. "ఇంకొక్కసారికి... వస్తుందండీ. దాన్ని... దాచుకుంటున్నాను." అంతే. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ అంత తక్కువ మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

నాలుగూ ఇరవైకి తూర్పున చిన్న తెల్ల విమానం కనపడింది. సన్నాయి మొదలైంది. అప్పటికే కొత్త రిబ్బను, బెంగుళూరు విమానానికి ఇవతల, మరోచోట కట్టించి ఉంది. దాని ముందు ఆగడానికి చిన్న విమానానికి రన్‌వే సరిపోతుందని భుజంగరావుగారు అడుగులతో కొలిచి తేల్చారు. ఇప్పుడాయన గాజు మేడలో నీలాద్రి వెనకే నిలబడి కండువా సర్దుకుంటున్నారు.

"వేటకొండ, గౌరవ మంత్రిగారి విమానం. దిగడానికి అనుమతి కోరుతున్నాం. మీ ఆకాశంలో వేరే విమానం ఏదైనా ఉందా?"

నీలాద్రి మైకు దగ్గరికి వంగాడు. 'లేదు' అనడానికి నోరు తెరిచాడు కూడా. ఎదుట రిజిస్టరు తెరిచి ఉంది, పన్నెండు వరుసలు, పన్నెండూ తన చేతిరాతే. ఫోను తెర వెలిగింది. సుందరమ్మ సందేశం. ఒకటే మాట: "అయిపోయింది."

"ఉందండి" అన్నాడు నీలాద్రి మైకులో. "బెంగుళూరు విమానం పొద్దున పది నలభై ఒకటి నుంచి మా ఆకాశంలోనే ఉందండి. అది దిగేదాకా మీకు అనుమతి ఇవ్వడానికి వీల్లేదు. పైనే తిరుగుతూ ఉండండి."

భుజంగరావుగారి చంకలోంచి కత్తెర పెట్టె కింద పడింది. "ఏమయ్యా, మతిపోయిందా? ఆకాశంలో ఏముంది?"

"రిజిస్టరులో ఉందండి. తమరే రాయించారు."

"కొట్టేయ్!"

"రిజిస్టరులో కొట్టివేతలు చెల్లవండి. మొదటి పేజీలోనే అచ్చువేశారు. పైన విమానం ఉందని రాసి ఉండగా మంత్రిగారిని దించితే, రేపు ఏదైనా అయితే సంతకం నాదండి, ఉత్తర్వు తమదండి."

రేడియోలో గొంతు మారింది. బరువైన గొంతు. "ఎవడయ్యా అక్కడ? పైన ఎవరున్నారు?"

భుజంగరావుగారు రెండు చేతులా మైకు పట్టుకున్నారు. "పైన ఎవరూ లేరు సార్. కిందే ఉన్నారు సార్."

"మరి నన్నెందుకు తిప్పుతున్నారు?"

"కింద ఉన్నవారు పైన ఉన్నట్టు పరిగణించబడ్డారు సార్. తమరు దిగి ప్రారంభించిన తక్షణం వారు దిగుతారు సార్."

"నేనెప్పుడు దిగుతాను?"

"వారు దిగిన తక్షణం సార్."

మంత్రిగారు చాలా నెమ్మదిగా, "భుజంగరావ్, ఐదూ పదికి వర్జ్యం. మా పైలట్ ఇంధనం గురించి కూడా ఏదో అంటున్నాడు" అన్నారు.

ఆ నెమ్మదితనంలో ఏముందో ఆ శాఖలో పనిచేసినవాళ్ళకే తెలుస్తుంది. భుజంగరావుగారు నీలాద్రి చేతులు పట్టుకున్నారు. "బాబ్బాబు, దిగినట్టు రాసెయ్యి. ఫలకం సంగతి నేను చూసుకుంటాను."

"రాస్తానండి. చిట్టచివరి ప్రయాణికుడి పాదం నేలను తాకగానే రాస్తాను. ఉత్తర్వు అదే కదండి."

ఆ తర్వాత వేటకొండలో జరిగినంత చురుకైన పరిపాలన ఆ రాష్ట్రం ఎన్నడూ చూసి ఉండదు. మెట్లబండిని స్వయంగా ప్రత్యేకాధికారే తోశారు. సబ్‌ఇన్‌స్పెక్టరు ముసలమ్మల్ని ఎత్తుకుని దించాడు. సన్నాయివాళ్ళు సామాన్లు మోశారు. భుజంగరావుగారు మెట్ల కింద గొంతుక్కూర్చుని, పాదాలు చూసి మనుషుల్ని లెక్కపెట్టారు. "నలభై ఒకటి. ఆ రెండో కాలు కూడా పెట్టవయ్యా, గాల్లో ఊపకు! నలభై రెండు..." నెత్తి మీద తెల్ల విమానం గిరికీలు కొడుతోంది. టైము నాలుగూ యాభై మూడు.

సిబ్బందితో కలిపి మొత్తం అరవై ఎనిమిది మంది. అరవై ఏడు వరకూ వచ్చి లెక్క ఆగిపోయింది.

తోపులాటలో నిలబడే ఓపిక లేక వెనక వరుసలోనే ఉండిపోయిన సుందరమ్మ అందరికన్నా చివర వచ్చింది. కెప్టెన్ హైమవతి ముందుగా దిగి, కింద నిలబడి చెయ్యి అందించింది. ఆవిడ ఒక్కో మెట్టూ దిగి, ఆఖరి మెట్టు మీదికొచ్చి, దిగకుండా అక్కడే చతికిలబడింది. కాళ్ళు ముడుచుకుంది. మొహం కందిపోయి ఉంది, పెదవులు ఎండిపోయాయి, గుండె పైకీ కిందికీ ఎగిసిపడుతోంది. అప్పటికే పెట్టె తెరిచి మందు తీసి పట్టుకున్న నీలాద్రి పరుగున వచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. రెండుసార్లు పీల్చింది. కళ్ళు మూసుకుంది.

"అమ్మా, ఒక్క పాదం" అన్నారు భుజంగరావుగారు. "ఒక్క వేలు తగిలించినా చాలు. తమరి పాదం కోసం మంత్రిగారు ఆకాశంలో ఉన్నారు."

"ఉండనివ్వండి. పైన గాలి బాగుంటుంది" అంది సుందరమ్మ కళ్ళు తెరవకుండా. "కాసిన్ని మంచినీళ్ళు."

మంత్రిగారి కోసం పెట్టిన వెండి గ్లాసులో నీళ్ళు వచ్చాయి. ఆవిడ గుక్క గుక్కగా, ఊపిరి చిక్కబట్టుకుంటూ తాగింది. ఈల తగ్గింది. బతికింది, ఇక ఫరవాలేదు అనుకున్నాడు నీలాద్రి. ఒళ్ళంతా తేలికైంది. తను చేసిన ఘనకార్యం గుర్తొచ్చి, కొంచెం గర్వంగా నవ్వాడు కూడా.

"చూశావా సుందరం, ఎలా దింపించానో! వాళ్ళ రాతతోనే వాళ్ళని కట్టేశాను."

సుందరమ్మ కళ్ళు తెరిచి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"చూశాను. బాగానే కట్టేశారు" అంది. "ఒక్క మాట చెప్పండి. మంత్రిగారు ఇవాళ రావడం మానుకుని ఉంటే, నన్ను ఎప్పుడు దించేవారు?"

పైన విమానం మరోసారి చుట్టు తిరిగింది. భుజంగరావుగారు గడియారం చూసుకుంటూ ఏడుపుగొంతుతో వర్జ్యం, వర్జ్యం అంటున్నారు. సుందరమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, తీరిగ్గా ఒక పాదం, తర్వాత రెండో పాదం నేలమీద పెట్టింది. మొగుడి చెయ్యి పట్టుకోకుండానే నడుచుకుంటూ వెళ్ళి, షామియానా కింద మంత్రిగారి కోసం వేసిన సోఫాలో ఫ్యానుకి ఎదురుగా కూర్చుంది. ఆవిణ్ణి లేపడానికి ఎవరూ సాహసించలేదు.

నీలాద్రి మేడెక్కి టైము వేసి, దిగింది అని రాసి సంతకం పెట్టాడు. మంత్రిగారు ఐదూ నాలుగుకి దిగారు, ఐదూ ఎనిమిదికి కత్తిరించారు. తర్వాత నెలలో అతనికి మూడు మెమోలు వచ్చాయి. గౌరవ మంత్రివర్యులను ఆకాశంలో నిలిపివేసినందుకు ఒకటి, అనుమతి లేకుండా వర్షం కురిపించినందుకు ఒకటి, మెట్లబండిని ఆ పనికి నియామకం లేని ప్రత్యేకాధికారి చేత తోయించినందుకు ఒకటి. మూడింటికీ గడువులోగా, మూడేసి నకళ్ళతో, వేలెత్తి చూపలేని సమాధానాలు రాసి పంపాడు. సుందరమ్మ అడిగినదానికి మాత్రం ఇంకా రాయలేదు.